మిగిలిపోయిన వాళ్ళతో టీం: కల్చర్ వల్ల నిజంగా ఏమన్నా మారుతుందా, లేక గోడ మీద పోస్టరేనా?

బెంచ్ ప్లేయర్
అందరికీ నమస్తే. చాలా రోజుల్నుంచి చదివి వెళ్ళిపోవడమే గానీ రాయడం తక్కువ. విషయం ఏంటంటే మా ఆఫీసులో టీంలు అటూ ఇటూ మార్చారు, మార్చాక చూసుకుంటే మిగతా లీడ్లు "వద్దు బాబోయ్" అన్న వాళ్ళంతా నా దగ్గర తేలారు. ఒకాయనకి వయసెక్కువని, ఒకావిడ రెండేళ్ళు గ్యాప్ తీసుకుని వచ్చిందని, ఒకబ్బాయి నోరు విప్పడని, ఇంకొకతను పాత టెక్నాలజీలోనే ఉండిపోయాడని. వీళ్ళకి పని రాదని ఎవరూ అనట్లేదు, అసలు వీళ్ళ పని ఎవరన్నా చూశారా అని నా డౌటు. మా మేనేజర్ ఏమో "నువ్వు మంచి కల్చర్ బిల్డ్ చెయ్యి, వాళ్ళే పైకొస్తారు" అని ఒక ముక్క పడేసి వెళ్ళిపోయాడు. బిల్డ్ చెయ్యడమంటే ఏం చెయ్యాలి సార్? గోడ మీద ఆల్రెడీ నాలుగు పెద్ద పెద్ద మాటలు ఫ్రేం కట్టించి పెట్టారు, వాటి కిందే రోజూ అరుపులు.

నేనడిగేది ఒకటే. ఎవరూ లెక్కలోకి తీసుకోని మనుషులు ఒక టీంలో పడ్డాక నిజంగా పైకొచ్చిన సందర్భాలు తెలిస్తే చెప్పండి, అక్కడ ఏం చేశారో కూడా చెప్పండి. మోటివేషన్ కొటేషన్లు పెట్టేవాళ్ళకి ముందే దండం.

లెఫ్ట్ ఆర్మ్ స్పిన్
ఇంకెవరు బ్రో, రాజస్థాన్ రాయల్స్, 2008, మొట్టమొదటి ఐపీఎల్. ఎనిమిది ఫ్రాంచైజీల్లో అందరికంటే చవగ్గా పోయింది అదే, 6.7 కోట్ల డాలర్లు, ముంబైకి పెట్టింది 11 కోట్ల పైమాటే. టీం లిస్ట్ చూసి నవ్వని వాడు లేడు. మొదటి మ్యాచ్ ఢిల్లీ చేతిలో తొమ్మిది వికెట్ల తేడాతో చిత్తు. అక్కడ్నుంచి లేచి లీగ్‌లో 14కి 11 గెలిచి, ఫైనల్లో చెన్నై మీద ఆఖరి బంతికి కప్పు కొట్టారు. కెప్టెనూ కోచూ రెండూ షేన్ వార్నే. గోవా నుంచి వచ్చిన అస్నోద్కర్ అంటే అప్పటికి ఎవరికి తెలుసు? జడేజాకి 19 ఏళ్ళు, వాణ్ణి పట్టుకుని అందరి ముందూ "రాక్‌స్టార్" అన్నాడు వార్న్. వాట్సన్ గాయాలతో పేరు పాడైపోయి ఉన్నాడు, టోర్నీ అయ్యేసరికి ప్లేయర్ ఆఫ్ ద టోర్నమెంట్. యూసుఫ్ పఠాన్ ఫైనల్లో 56 కొట్టి మూడు వికెట్లు తీశాడు.

వార్న్ చేసిందల్లా ఒక్కొక్కడికీ "నీ పని ఇది" అని క్లియర్‌గా చెప్పడం, అది చేస్తూ ఫెయిలైతే వాణ్ణి వదిలెయ్యకపోవడం. అంతే.

మూడో అంపైర్
మరి 2009లో ఏమైందో కూడా చెప్పు తమ్ముడూ. అదే వార్న్, చాలావరకు అదే టీం. ఆరో స్థానం. కల్చర్ ఒక్క ఏడాదికే ఎక్స్‌పైరీ అయిపోయిందా?

నా బాధ ఏంటంటే ఇలాంటి కథలన్నీ గెలిచాక రాసినవే. చీప్‌గా కొన్న టీంలు, కలిసిమెలిసి ఉన్న టీంలు, ఒకళ్ళంటే ఒకళ్ళు ప్రాణం పెట్టుకుని మరీ ఆఖరి స్థానంలో నిలబడ్డ టీంలు బోలెడు ఉంటాయి, వాటి గురించి ఎవడూ మాట్లాడడు. కప్పు వచ్చినవాడి డ్రెస్సింగ్ రూంలో జోకులేసుకుంటే అది కల్చర్, ఓడినవాడి రూంలో అవే జోకులేస్తే సీరియస్‌నెస్ లేదంటారు.

లెఫ్ట్ ఆర్మ్ స్పిన్
అంటే ఒక్కసారి గెలిస్తే లెక్కలోకి రాదా అన్నా, ఇది మరీ అన్యాయం 😄 జడేజా ఆ తర్వాత ఎంత దూరం వెళ్ళాడో చూడలేదా?

మూడో అంపైర్
జడేజా ఎక్కడున్నా వెళ్ళేవాడు. దాన్ని ఎలా విడదీస్తావ్? అదే నేనడిగేది. మనుషులు వాళ్ళే ఉండి, చుట్టూ ఉన్న పద్ధతి మాత్రమే మారిన కేసు ఒకటి చూపించు, అప్పుడు ఒప్పుకుంటా.

గేర్ బాక్స్
మూడో అంపైర్ గారూ, సరిగ్గా అలాంటి కేసే ఒకటుంది. నేను ప్రొడక్షన్ లైన్ మీద పనిచేసేవాణ్ణి కాబట్టి మాకు ట్రైనింగుల్లో ఇది చెప్తూనే ఉంటారు, కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

అమెరికాలో, కాలిఫోర్నియా ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ (జీఎం) వాళ్ళ కార్ల ఫ్యాక్టరీ ఉండేది. మొత్తం కంపెనీలోనే అధ్వాన్నమైన లేబర్ అని పేరు. రోజూ ఐదుగురిలో ఒకరు పనికే రారు, కొన్ని రోజులు లైన్ మొదలెట్టడానికి సరిపడా మనుషులే ఉండేవాళ్ళు కాదట. డ్యూటీలో తాగడం, కావాలనే బండి డోర్ లోపల సీసాలు పడేసి లడలడలాడేలా చెయ్యడం, అన్నీ జరిగేవి. మేనేజ్‌మెంట్‌కి మాత్రం ఒకటే రూలు, లైన్ ఆగకూడదు. ఇంజన్ తిరగేసి బిగించినా సరే బండి ముందుకి పోవాల్సిందే, తర్వాత యార్డులో ఊడదీసి బాగుచేసుకుంటారు. 1982లో విసిగిపోయి మూసేశారు.

1984లో టొయోటాతో కలిసి అదే ప్లాంట్ మళ్ళీ తెరిచారు, పేరు నూమీ. యూనియన్ పట్టుబట్టడంతో పాతవాళ్ళనే తీసుకోవాల్సి వచ్చింది, కొత్తగా చేరినవాళ్ళలో దాదాపు 85 శాతం పాత ఫ్రీమాంట్ మనుషులే. అదే బిల్డింగు, అదే యూనియన్, "వీళ్ళింక బాగుపడరు" అని ముద్ర పడ్డ అదే మనుషులు. గ్రూపులు గ్రూపులుగా జపాన్ పంపించి టొయోటా ప్లాంటులో వాళ్ళ పక్కన నిలబెట్టి పని నేర్పించారు.

అక్కడ వీళ్ళని కుదిపేసింది ఒక తాడు. లైన్ పొడుగునా తల మీద వేలాడుతూ ఉంటుంది, దాన్ని ఆండన్ తాడు అంటారు. బోల్టు సరిగ్గా పట్టలేదు అనుకోండి, తాడు లాగితే పాట మోగుతుంది, లైట్ వెలుగుతుంది, టీం లీడర్ పరిగెత్తుకుంటూ వస్తాడు. వచ్చి తిట్టడు! "ఏం ఇబ్బంది, నేనేం చెయ్యాలి" అని అడుగుతాడు. స్టేషన్ దాటేలోపు సరి కాకపోతే లైన్ ఆగుతుంది. లైన్ ఆపడం అంటే ఉద్యోగం ఊడినట్టే అనుకున్న మనుషులకి, మీరే ఆపండి అని తాడు చేతికిస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. మేనేజర్లకి విడిగా డైనింగ్ హాల్ లేదు, విడిగా పార్కింగ్ లేదు, అందరికీ ఒకటే క్యాంటీన్. డజన్ల కొద్దీ ఉన్న ఉద్యోగాల కేటగిరీలు తీసేసి మూడు నాలుగుకి తెచ్చారు, దాంతో "అది నా పని కాదు" అనే మాటకి చోటు లేకుండా పోయింది.

ఏడాది, రెండేళ్ళు తిరిగేసరికి పనికి రానివాళ్ళ శాతం 20 నుంచి 2 దగ్గరకి దిగింది. క్వాలిటీ జపాన్ ప్లాంటుతో పోటీ పడేంత వచ్చింది.

ఇంకో ముఖ్యమైన ముక్క. 1980ల చివర్లో అమ్మకాలు బాగా పడిపోయినప్పుడు ఒక్కణ్ణి కూడా తీసెయ్యలేదు. ఖాళీగా ఉన్నవాళ్ళని ట్రైనింగుల్లో కూర్చోబెట్టారు, లైన్‌లో ఏం మార్చచ్చో చూడమన్నారు. నా లెక్కలో వర్కర్లు నిజంగా నమ్మింది అప్పుడే, తాడు చూసి కాదు.

మూడో అంపైర్
ఇది బావుంది. ఒప్పుకుంటున్నా, ఇది చాలావరకు క్లీన్ కేసే. మరి అంత బాగా పనిచేస్తే జీఎం మిగతా ప్లాంట్లలో ఎందుకు పెట్టలేదు?

గేర్ బాక్స్
పెట్టారండీ, చెడింది అక్కడే. అదే రాష్ట్రంలో వాన్ నైస్ ప్లాంటులో టీంలు అన్నారు, మీటింగులు అన్నారు, తాళ్ళు కూడా కట్టారు. లాగితే మాత్రం సూపర్‌వైజర్ మొహం మాడ్చుకుని వచ్చేవాడు, ఎందుకంటే వాడి బోనస్ బళ్ళ లెక్క మీద ఉంది. వర్కర్లేమో ఇదేదో మమ్మల్ని తగ్గించే ప్లాన్ అనుకున్నారు. 1992లో ఆ ప్లాంట్ మూతపడింది. నూమీ 2010 దాకా నడిచింది, ఇప్పుడు అదే చోట టెస్లా కార్లు తయారవుతున్నాయి.

నైట్ డ్యూటీ
గేర్ బాక్స్ గారి తాడు చదువుతుంటే మా వార్డు గుర్తొచ్చింది. నేను నర్సుని. ఎమీ ఎడ్మండ్సన్ అని హార్వర్డ్ ప్రొఫెసరు, 1990ల్లో హాస్పిటల్ టీంల మీద స్టడీ చేశారు, మంచి టీంలు ఉన్న వార్డుల్లో మందుల తప్పులు తక్కువ ఉంటాయి అనుకుని మొదలుపెట్టారు. లెక్క చూస్తే రివర్స్, మంచి టీంలలోనే తప్పులు ఎక్కువ కనిపించాయి. తర్వాత తవ్వితే తేలింది ఏంటంటే వాళ్ళు తప్పులు ఎక్కువ చెయ్యట్లేదు, ఎక్కువ చెప్తున్నారు. మిగతా వార్డుల్లో భయపడి దాచేస్తున్నారు. 1999లో ఆవిడ రాసిన పేపర్ తర్వాతే ఈ సైకలాజికల్ సేఫ్టీ (తప్పు ఒప్పుకున్నా, డౌట్ అడిగినా ఎవరూ ఏమీ అనరన్న ధైర్యం) అన్న మాట అందరి నోళ్ళలో పడింది.

మా దగ్గర జరిగింది చెప్తా. వార్డులో మూల మూలలా తిరిగేది ఎవరు? ఆయాలు, వార్డు బాయ్‌లు. పేషెంటు పక్కన ఎక్కువసేపు ఉండేదీ వాళ్ళే, కానీ డ్యూటీ మారేటప్పుడు హ్యాండోవర్‌లో వాళ్ళని నిలబెట్టను కూడా నిలబెట్టరు. మాకు కొత్తగా వచ్చిన సీనియర్ సిస్టర్ ఒకావిడ ఏం చేశారంటే, హ్యాండోవర్ మొదలయ్యేటప్పుడు ఫైల్ తియ్యకముందు మా ఆయమ్మ వైపు తిరిగి "మీకేమన్నా తేడాగా అనిపించిందా" అని అడగడం పెట్టారు. మొదట్లో ఆయమ్మ సిగ్గుపడి "ఏం లేదమ్మా" అనేది. అయినా ఆవిడ రోజూ అడిగేది, సమాధానం వచ్చేదాకా ఆగేది, మేము గడియారం చూసుకునేవాళ్ళం. ఒక రోజు ఆయమ్మ అంది, చివరి మంచం తాతగారు పొద్దున దుప్పటి మారుస్తుంటే ఎడం చెయ్యి ఎత్తలేదమ్మా, నిన్న ఎత్తాడు అని. డాక్టర్ని పిలిపిస్తే స్ట్రోక్ మొదలైంది. చార్టులో బీపీ, పల్స్ అన్నీ నార్మల్ అని మేమే రాసి ఉన్నాం.

ఇప్పుడు ఆయమ్మ అడక్కుండానే చెప్తుంది. కొత్తగా వచ్చిన నర్సులకి ఏ పేషెంటు ఎలా పడుకుంటే కదలకుండా ఉంటాడో కూడా తనే చూపిస్తుంది.

బెంచ్ ప్లేయర్
సిస్టర్ గారూ, ఇది ప్రింట్ తీసి పెట్టుకునేలా ఉంది. సమాధానం వచ్చేదాకా ఆగడం, అది రాసుకున్నా. మా నోరు విప్పనబ్బాయిని నేను అడుగుతా గానీ రెండు సెకన్లు ఆగి నేనే చెప్పేస్తుంటా.

ఫైనల్ రౌండ్ రిజెక్ట్
అందరూ ఇంత పాజిటివ్‌గా మాట్లాడుతుంటే మధ్యలో వచ్చి చెడగొడుతున్నా ఏమనుకోకండి. నాకు ఈ కల్చర్ అన్న మాట వింటేనే ఒళ్ళు మండుతుంది. ఒక కంపెనీలో నాలుగు రౌండ్లు క్లియర్ చేశా, టెక్నికల్‌లో మంచి స్కోరని వాళ్ళే చెప్పారు, చివర్లో "టీం కల్చర్‌కి సెట్ అవ్వరేమో అనిపించింది" అని మెయిల్ పెట్టారు. ఏం సెట్ అవ్వలేదు? నా ఇంగ్లీష్ యాసా? వాళ్ళు వీకెండ్ ట్రెక్కింగ్ గురించి మాట్లాడుకుంటుంటే నేను కలవకపోవడమా? ఆ టీం ఫొటో చూస్తే అందరూ ఒకే కాలేజీలా ఉన్నారు.

కాబట్టి కల్చర్ వల్ల పక్కన పెట్టినవాళ్ళు పైకొస్తారు అంటున్నారే, చాలా చోట్ల పక్కన పెట్టేది కూడా ఆ కల్చరే. మనకి నచ్చినవాణ్ణి తీసుకోవడానికి అందమైన పేరు.

కోడ్ కూలీ
నూటికి నూరు పాళ్ళు నిజం. అందుకే కొన్ని చోట్ల ఇంటర్వ్యూ ఫారంలో "కల్చర్‌కి సెట్ అవుతారా" అనే కాలమ్ తీసేసి, "ఈ మనిషిలో మన టీంలో లేనిది ఏముంది" అని రాయమంటున్నారు. రాసేవాడు నిజాయితీగా రాస్తే పనికొస్తుంది, లేకపోతే అదీ అంతే.

విలువలు ఒకటే ఉండటం వేరు, అలవాట్లు ఒకటే ఉండటం వేరు. మా టీంలో ఒకడు లంచ్‌కి కూడా రాడు, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చుంటాడు, పార్టీ అంటే మాయం. కానీ ఎవడి కోడ్ పగిలినా ముందు వచ్చి కూర్చునేది వాడే. వీడు కల్చర్‌లో ఉన్నట్టా లేనట్టా?

గూగుల్ వాళ్ళు 2012లో ప్రాజెక్ట్ అరిస్టాటిల్ అని మొదలుపెట్టి 180 దాకా టీంలని చూశారు. టాపర్లని ఒక చోట వేస్తే టాప్ టీం అవుతుందా, ఒకే రకం మనుషులుంటే అవుతుందా అని తెగ వెతికారు, ఏమీ దొరకలేదు. టీంలో ఎవరున్నారు అన్నదానికంటే వాళ్ళు ఒకళ్ళతో ఒకళ్ళు ఎలా ఉంటున్నారన్నదే ఎక్కువ తేడా చూపించింది, అందులో మొదటిది పైన సిస్టర్ గారు చెప్పిన సైకలాజికల్ సేఫ్టీయే.

బెంచ్ ప్లేయర్ భాయ్, మా దగ్గర పనికొచ్చింది ఒకటి చెప్తా. ప్రొడక్షన్ (అంటే లైవ్‌లో నడిచే సిస్టం) పడిపోయినప్పుడు ఏం జరిగిందో రిపోర్ట్ రాస్తాం కదా, అందులో మనిషి పేరు రాయకూడదు అని రూల్ పెట్టుకున్నాం. "ఫలానా వాడు తప్పు కమాండ్ కొట్టాడు" అని కాదు, "తప్పు కమాండ్ కొడితే ఆపే చెక్ లేదు" అని రాయాలి. మొదట్లో అందరూ నవ్వారు, ఎవరు చేశారో ఫ్లోర్ మొత్తానికీ తెలుసు కదా అని. కానీ ఒక జూనియర్ అమ్మాయి తన చేత్తో డేటాబేస్ టేబుల్ లేపేసి, ఎవరూ గమనించకముందే తనే గ్రూప్‌లో మెసేజ్ పెట్టింది చూడండి, అప్పుడు రూల్ విలువ తెలిసింది. పది నిమిషాల్లో బ్యాకప్ నుంచి తెచ్చుకున్నాం. భయపడి దాచి ఉంటే రాత్రంతా జాగారమే.

మూడో అంపైర్
సరే, ఇక్కడిదాకా వచ్చాం కాబట్టి నా అసలు పాయింట్ చెప్తా. నూమీలో పనిచేసింది విలువలా, లేక అగ్రిమెంటా? తొలగింపులు ఆఖరి మార్గమే అని యూనియన్ కాంట్రాక్టులో రాసుకున్నారు. కాగితం మీద ఉంది కాబట్టే తాడు లాగడానికి ధైర్యం వచ్చింది. అది లేకుండా ఉత్తినే "మనమంతా ఒక ఫ్యామిలీ" అంటే ఎవడు నమ్ముతాడు? ఫ్యామిలీ అన్న ప్రతి చోటా ఆదివారం పని చేయించుకున్నారు నాతో. పైగా ఇలా పక్కన పడేసిన వాళ్ళనే తేలిగ్గా వాడేసుకుంటారు, ఎందుకంటే ఇంకో చోట ఎవరూ తీసుకోరన్న భయం వాళ్ళకి ఆల్రెడీ ఉంటుంది.

పొద్దున్నే కాఫీ
మూడో అంపైర్ గారూ, మీరన్నదానికి మన దేశంలోనే మంచి ఉదాహరణ ఉంది, లిజ్జత్ పాపడ్. 1959లో ముంబై గిర్గావ్‌లో ఒక బిల్డింగ్ మేడ మీద ఏడుగురు ఆడవాళ్ళు 80 రూపాయలు అప్పు తెచ్చి మొదలుపెట్టారు. చదువు అంతంతమాత్రం, ఇంట్లో వంట తప్ప ఏమొచ్చు వీళ్ళకి అని అందరూ అనుకునేవాళ్ళే. ఆ ఏడుగురిలో ఒకరైన జస్వంతిబెన్ పోపట్ గారికి 2021లో పద్మశ్రీ ఇచ్చారు, అప్పటికి ఆవిడకి తొంభై దాటాయి.

అక్కడ చేరిన ప్రతి మనిషీ ఓనరే. ఒకరినొకరు బెహన్ అనే పిలుచుకుంటారు, ఆ పిలుపు వెనక లాభంలో వాటా ఉంది చూడండి, ఉత్తుత్తి ఫ్యామిలీ కాదు. మగవాళ్ళు డ్రైవర్లుగానో లెక్కలు రాసేవాళ్ళుగానో జీతానికి ఉండచ్చు గానీ మెంబర్లు కాలేరు. విరాళాలు తీసుకోకూడదు అని మొదట్నుంచీ రూలు. పొద్దున్నే వచ్చి పిండి తీసుకెళ్ళి ఇంట్లో ఒత్తి ఆరబెట్టి మర్నాడు తెచ్చి ఇస్తే కూలీ చేతిలో పెడతారు. తెచ్చిన పాపడ్ సైజులో గానీ మందంలో గానీ తేడా ఉంటే తీసుకోరు, పాపం అని వదలరు. నాకు అన్నిటికంటే నచ్చింది అదే. జాలి చూపిస్తే ఈ పాటికి ఎప్పుడో మూతపడేది, ఇప్పుడు వేల మంది, నలభై వేల పైన ఉన్నారు మెంబర్లు.

కాగితం మీద వాటా ఉంది, మీరు చెప్పినట్టే. కానీ వాటా ఒక్కటే ఉంటే ప్రతి కోఆపరేటివ్ ఇలాగే నడవాలి కదా, ఎన్ని మునిగిపోలేదు?

మూడో అంపైర్
హ్మ్. మునిగిన కోఆపరేటివ్‌లు... అక్కడ దొరికిపోయా 😅 నేను పైన గెలిచినవాళ్ళ గురించే మాట్లాడతారు అన్న మాటే నాకు తిప్పికొట్టారు మేడం.

ఎక్సెల్ షీట్
నాదొక డిఫరెంట్ యాంగిల్. పక్కన పడేసిన వాళ్ళు పైకి రావడానికి కల్చర్ కంటే ముందు వాళ్ళని సరిగ్గా కొలిచేవాడు ఉండాలి. బేస్‌బాల్‌లో ఓక్లాండ్ అథ్లెటిక్స్, 2002. జీతాల బడ్జెట్ 4 కోట్ల డాలర్లు, న్యూయార్క్ యాంకీస్ బడ్జెట్ 12 కోట్లు పైన. స్కాట్ హ్యాటెబర్గ్ అని క్యాచర్ (మన వికెట్ కీపర్ లాంటివాడు) ఉండేవాడు, మోచేతి నరం దెబ్బతిని బంతి విసరలేని పరిస్థితి, కెరీర్ అయిపోయిందనుకున్నారు. ఓక్లాండ్ వాళ్ళు మాత్రం అతను అవుట్ కాకుండా బేస్ మీదకి ఎంత తరచుగా చేరుతున్నాడో చూసి తీసుకున్నారు. ఆ ఏడు 103 మ్యాచ్‌లు గెలిచారు, వరసగా 20, ఆ ఇరవయ్యోది హ్యాటెబర్గ్ హోమ్ రన్‌తోనే. 11-0 లీడ్ పోగొట్టుకుని 11-11 అయ్యాక! ఇందులో కల్చర్ ఎక్కడుంది? డేటా.

లెఫ్ట్ ఆర్మ్ స్పిన్
ఆగాగు. డేటా అతన్ని కొనిపించింది, ఒప్పుకుంటా. కానీ క్యాచర్‌ని తీసుకొచ్చి ఫస్ట్ బేస్ అనే వేరే ఫీల్డింగ్ ప్లేస్‌లో నిలబెట్టారు కదా, ఆ ప్లేస్ గురించి అతనికి ఓనమాలు కూడా రావు. రోజూ కూర్చోబెట్టి నేర్పింది కోచ్ రాన్ వాషింగ్టన్. కొని బెంచ్ మీద కూర్చోబెట్టి, మొదటి క్యాచ్ వదిలేయగానే "చెప్పానా" అనుకునే టీం అయితే ఆ డేటా ఏం చేసేది?

ఎక్సెల్ షీట్
ఓకే, ఫెయిర్. రెండూ కావాలి అనుకుందాం. కానీ ఆర్డర్ ముఖ్యం, ముందు చూడగలగాలి.

ఆఫ్‌సైడ్
ఫుట్‌బాల్ లేకుండా ఈ థ్రెడ్ ముగియడానికి వీల్లేదు. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్, లెస్టర్ సిటీ 2015-16. సీజన్ ముందు వీళ్ళు లీగ్ గెలుస్తారన్నదాని మీద బెట్టింగ్ 5000కి 1. వార్డీ ఐదేళ్ళ ముందు నాన్‌లీగ్‌లో (పెద్ద లీగుల కింద ఉండే చిన్న క్లబ్బుల్లో) ఆడేవాడు, మారెజ్ ఫ్రాన్స్ సెకండ్ డివిజన్ నుంచి చవగ్గా వచ్చాడు, కాంటే పొట్టివాడని చిన్నప్పుడు ఎన్ని అకాడెమీలు వద్దన్నాయో. 10 పాయింట్ల తేడాతో లీగ్ కొట్టారు. కొత్త కోచ్ రానియేరీ వచ్చి అన్నీ మార్చెయ్యలేదు, ఆల్రెడీ కుదిరినదాన్ని చెడగొట్టలేదు, నా దృష్టిలో అదే గొప్ప. గోల్ పడకుండా ఒక మ్యాచ్ ఆడితే పిజ్జా కొనిపెడతా అని, తీరా తీసుకెళ్ళి వాళ్ళ చేతే పిజ్జా చేయించాడు 😂

తర్వాత సంగతి మూడో అంపైర్ ఎలాగూ అడుగుతారు కాబట్టి నేనే చెప్పేస్తా: కాంటే వెంటనే చెల్సీకి పోయాడు, 2017 ఫిబ్రవరిలో రానియేరీని పీకేశారు, 2023లో క్లబ్ కింద డివిజన్‌కి పడిపోయింది.

మూడో అంపైర్
థాంక్స్, నా పని తగ్గించావ్.

గేర్ బాక్స్
పడిపోయిందని ఆ ఏడు జరిగింది అబద్ధం అవదు కదండీ. ఇలాంటివి రోజూ మెయింటెనెన్స్ అడుగుతాయి, చేసేవాడు వెళ్ళిపోతే తుప్పు పడుతుంది. కాంటే కూడా ఓడిపోయి పోలేదు, పెద్ద క్లబ్ కొనుక్కుని పోయింది. పక్కన పడేసినవాడికి గెలుపంటే అదే కదా.

బెంచ్ ప్లేయర్
చాలా విషయం వచ్చింది, అందరికీ థాంక్స్. ఇప్పుడు నా రియల్ ప్రాబ్లం. మా టీంలో అందరూ మిగిలిపోయినవాళ్ళే అన్నా కానీ ఒకడు స్టార్. వాడొక్కడే ఇష్టపడి వచ్చాడు. పని అద్భుతం, డౌటే లేదు. కానీ పెద్దాయన ఏదన్నా చెప్తుంటే ల్యాప్‌టాప్ లోంచి తల ఎత్తడు, గ్యాప్ తర్వాత వచ్చినావిడ డౌట్ అడిగితే "అది బేసిక్ కదా" అంటాడు. వాణ్ణి ఏమన్నా అంటే వెళ్ళిపోతాడని భయం, వెళ్ళిపోతే డెలివరీ గోవిందా. ఏం చెయ్యను?

లెఫ్ట్ ఆర్మ్ స్పిన్
పీకెయ్ బ్రో.

పొద్దున్నే కాఫీ
అంత తొందరెందుకు నాయనా. ముందు విడిగా కూర్చోబెట్టి చెప్పండి, కానీ "నీ ప్రవర్తన బాలేదు" అని గాల్లో మాట కాకుండా "మంగళవారం మీటింగ్‌లో ఆవిడ అడిగినప్పుడు నువ్వు ఈ మాటన్నావ్, ఆ తర్వాత ఆవిడ మళ్ళీ ఏదీ అడగలేదు, దానివల్ల ఈ పని రెండుసార్లు చెయ్యాల్సి వచ్చింది" అని. తెలివైనవాళ్ళకి లెక్క చూపిస్తే ఎక్కుతుంది. చాలామందికి తాము అలా ఉన్నామని నిజంగానే తెలీదు.

ఫైనల్ రౌండ్ రిజెక్ట్
మేడం చెప్పింది బావుంది గానీ బెంచ్ ప్లేయర్ గారూ, ఒకటి గుర్తుపెట్టుకోండి, మిగతా నలుగురూ మిమ్మల్ని చూస్తుంటారు. వాణ్ణి మీరు మొదటిసారి ఏమంటారా అని కాదు, రెండోసారి కూడా వదిలేస్తారా అని. నేను అలాంటి టీంలో ఆ నలుగురిలో ఒకణ్ణి. మా లీడ్ చాలా మంచివాడు, మాతో ప్రేమగా ఉండేవాడు, కానీ స్టార్ ముందు నీళ్ళు నమిలేవాడు. మేము ఆయన మంచితనాన్ని సీరియస్‌గా తీసుకోవడం మానేశాం.

నైట్ డ్యూటీ
అవును. మా సీనియర్ సిస్టర్ ఆయమ్మని అడగడం మొదలుపెట్టినప్పుడు ఒక డాక్టరు విసుక్కున్నాడు, "ఇవన్నీ ఇప్పుడు అవసరమా" అని. ఆవిడ "రెండు నిమిషాలు డాక్టర్, అయిపోతుంది" అని ఆయమ్మ చెప్పేదాకా ఆపి, తర్వాతే ఆయన వైపు తిరిగారు. గొంతు కూడా పెంచలేదు. మేమందరం అక్కడే ఉన్నాం.

ఎక్సెల్ షీట్
ప్రాక్టికల్‌గా: స్టార్ రేటింగ్‌లో "తన వల్ల ఇంకొకరు ఎంత నేర్చుకున్నారు" అనేది ఒక లైన్‌గా పెట్టండి, ముందే చెప్పి పెట్టండి. పెద్దాయనకి తెలిసిన పాత సిస్టం వీడికి రాదు కదా? ఇద్దరినీ ఒకే పని మీద జంటగా వెయ్యండి, అది కూడా వీడికి పెద్దాయన లేకపోతే గడవని పని.

కోడ్ కూలీ
ఆ జంట ఐడియా సూపర్. కానీ డెమో ఇచ్చేటప్పుడు స్టార్ ఇవ్వకూడదు, పెద్దాయన ఇవ్వాలి. రిలీజ్ మెయిల్లో పేర్లు కూడా చూసుకోండి, మా దగ్గర సగం గొడవలు ఆ మెయిల్ దగ్గరే.

మూడో అంపైర్
నా తరఫున ఒక్కటే. వాళ్ళకి ఏం మాటిచ్చినా మీ చేతిలో ఉన్నదే ఇవ్వండి. ఈ ఏడాది రీషఫుల్‌లో వీళ్ళని మళ్ళీ చెల్లాచెదురు చెయ్యనని మీ మేనేజర్ దగ్గర మెయిల్ రూపంలో తీసుకోగలరా? నోటి మాట కాదు, మెయిల్.

బెంచ్ ప్లేయర్
అడిగా సార్, ఇవాళే అడిగా. "చూద్దాం" అన్నాడు. మీరన్నట్టు మాట్లాడినదంతా మెయిల్లో రాసి "నేను అర్థం చేసుకున్నది ఇదే, తేడా ఉంటే చెప్పండి" అని పంపా. ఇంకా రిప్లై లేదు, తేడా ఉందని కూడా అనలేదు. స్టార్‌తో సోమవారం కూర్చుంటున్నా. నోరు విప్పనబ్బాయి మాత్రం నిన్న మీటింగ్ అయ్యాక విడిగా వచ్చి టెస్ట్ కేసుల్లో ఒక లూప్ మొత్తం మిస్సయిందని చూపించాడు, అదీ అందరి ముందూ చెప్పమంటే "వద్దు సార్, మెయిల్ పెడతా" అన్నాడు. పెట్టమన్నా.

కోడ్ కూలీ
మెయిల్ చాలు భాయ్, ఇప్పుడే మైక్ చేతికియ్యకండి. రిప్లై మాత్రం టీం మొత్తానికి కాపీ పెట్టి ఇవ్వండి, వాడి పేరుతో.